నేను రాయని ‘గో’

మా అన్నయ్యకు ఒక జబ్బు ఉంది. కళ్ళ ముందు ఏ వస్తువు కనబడినా దాని మూత విప్పి చూడాలి. లిఫ్టు మెకానిక్ కాబట్టి ఆ జబ్బుకు జీతం కూడా ఇస్తున్నారు. లిఫ్టుల సంగతి నేను మాట్లాడను, ఆయన చెయ్యి పడినవన్నీ బుద్ధిగానే ఎక్కి దిగుతున్నాయట. కానీ మా వదిన ల్యాప్‌టాప్ లిఫ్టు కాదు. ఈ ముక్క చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

నాది కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం. నా పద్ధతి ఒక్కటే. ఏ కంప్యూటర్నీ చేత్తో సర్దను. దాని ముందు కూర్చునే మనిషికి ఒక ఫైలు రాస్తాను. ఈ మనిషికి అక్షరాలు ఇంత పెద్దవిగా ఉండాలి, ఫలానా ప్రోగ్రాములు ఉండాలి, ఈ కీ నొక్కితే ఇది జరగాలి, తెర మధ్యలో నిద్రపోకూడదు. అంతే. ఎలా చెయ్యాలో రాయను, ఎలా ఉండాలో రాస్తాను. తర్వాత ఒక్క ఆదేశం ఇస్తే మెషిన్ ఆ ఫైలు చదువుకుని తనను తాను అలా సర్దుకుంటుంది. మార్పు కావాలంటే ఫైల్లో మార్చి మళ్ళీ ఆదేశం. పాత అమరిక ఎక్కడికీ పోదు, పక్కనే ఉంటుంది. కొత్తది నచ్చకపోతే దానికే వెనక్కి వెళ్ళొచ్చు. సెట్టింగులు తెరిచి అక్కడో టిక్కు, ఇక్కడో టిక్కు పెట్టేసి, కొన్నాళ్ళకు ఏ టిక్కు ఎందుకు పెట్టామో తెలియక జుట్టు పీక్కోవడం నా వల్ల కాదు. అన్నయ్య నన్ను రూల్సు రాణి అంటాడు. అననివ్వండి. రాణి అనేగా అన్నాడు, కూలీ అనలేదు.

ఇక మా వదిన. ఆవిడ నాటకశాలలో స్టేజ్ మేనేజర్. నాటకం చూసేవాళ్ళకు ఆవిడ ఉన్న సంగతే తెలియదు. స్టేజి పక్కన నల్ల తెరల మధ్య చీకట్లో ఒక చిన్న బల్ల, బల్ల మీద గుడ్డిదీపం, ముందు నాటకం ప్రతి, చెవులకు హెడ్‌సెట్. అందరూ బాబాయి అని పిలిచే లైట్లాయన, సౌండు గదిలో వాళ్ళు, పైనుంచి సెట్లు దించే తాళ్ళవాళ్ళు, అందరూ ఆవిడ మాట కోసం చెవులప్పగించి ఉంటారు. ‘లైటు ఇరవై, రెడీ’ అంటే బాబాయి వేలు మీట మీదికి పోతుంది. ‘గో’ అంటే నొక్కుతాడు. అనకపోతే కొంప మునిగినా నొక్కడు.

అందుకే ఆ హెడ్‌సెట్ లైను మీద ‘గో’ అనే మాట ఎవరూ ఉత్తినే అనరు. పరీక్షకు అనరు, సరదాకు అనరు, ఇంగ్లీషులో కబుర్లు చెప్పుకుంటున్నా ఆ ఒక్క మాటనూ దాటేసి మాట్లాడతారు. ఎవరైనా నోరు జారితే ఎక్కడో ఒక తెర పడిపోతుంది. మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు నాకు వదిన మీద గౌరవం ఒక మెట్టు పెరిగింది. మాటంటే ఇలా ఉండాలి, అన్నాక జరగాలి.

కిందటేడు ఆవిడ గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి గడ్డ తీశారు, దాంతో పాటే గొంతునూ తీసేశారు. మనిషి దక్కింది, మాట దక్కలేదు. మేమంతా ఏడ్చాం గానీ ఆవిడ ఏడవలేదు. ఇంటికొచ్చాక చిన్న తెల్లబోర్డు చేతికిస్తే దాని మీద రాసిన మొదటి వాక్యం, ‘నా బల్ల దగ్గర ఎవరిని కూర్చోబెట్టారు?’

ఒళ్ళు కుదుటపడగానే తిరిగి పనికి వెళ్తానంది. నాటకశాలలో దర్శకుడు మంచివాడే, కాకపోతే పిరికివాడు. “మేడమ్, మీరు రావాలనే నాకూ ఉంది. కానీ మాట లేకుండా మాట చెప్పే పని ఎలా చేస్తారు?” అన్నాడు. చివరికి కొత్త నాటకానికి ఒక పూర్తి రిహార్సల్ ఆవిడతో నడిపించి చూస్తానన్నాడు. సాఫీగా సాగితే బల్ల ఆవిడది. లేదంటే ఆయన అసిస్టెంటుది.

“అది నాకొదిలెయ్యి వదినా,” అన్నాను.

ఫైలు రాశాను. ఎడమ చేతి కింద ‘రెడీ’లు, క్యూల నంబర్లు, అంటే ఏ మార్పు ఎప్పుడో చెప్పే సంకేతాల అంకెలు. కుడి చేతి కింద అడ్డంగా ఒకే పెద్ద కీ, అది ‘గో’. మాటలన్నీ మెషిన్ గొంతుతో ముందే పలికించి పెట్టాను, అప్పటికప్పుడు ఆలోచించుకుని పలకనిస్తే ఆలస్యమవుతుంది కాబట్టి. తెర నల్లగా, అక్షరాలు మసక నారింజ రంగులో, వెలుగు స్టేజి మీదికి పోకుండా. ఎవరిదో పుట్టినరోజని మధ్యలో టింగుమనకుండా అన్ని గంటలకూ నోరు మూశాను. టైపు చేస్తే ఏ మాటైనా పలికే ఏర్పాటు కూడా పెట్టాను.

ఆ మెషిన్ గొంతు మాత్రం కాస్త తీపి. బ్యాంకుకు ఫోన్ చేస్తే ‘దయచేసి వేచి ఉండండి’ అంటుందే, ఆ పిల్ల గొంతు. వదిన ఇంట్లో దానితోనే “ఏవండీ, కుళాయి ఇంకా కారుతోంది” అంటే అన్నయ్య మొహం అదోలా పెట్టుకుని పాన వెతుక్కోవడానికి వెళ్ళేవాడు. ఆ మొహం నేను చూశాను. చూసి నవ్వుకున్నాను, అంతకు మించి ఆలోచించలేదు.

రిహార్సల్ రోజు సెలవు పెట్టి వదిన బల్ల పక్కన స్టూలు వేసుక్కూర్చున్నాను. నాకేం భయం లేదు. నా ఫైలు నాకు తెలుసు. వదిన హెడ్‌సెట్ పెట్టుకుని అన్ని కీలూ పరీక్షించింది. “వినిపిస్తోందా?” అంది బ్యాంకు పిల్ల. “వినిపిస్తోంది తల్లీ” అన్నాడు లైట్ల బాబాయి. తాళ్ళవాళ్ళు, సౌండు వాళ్ళు పలికారు. గో తప్ప అన్నీ పలికాయి. గో ఎలాగూ పరీక్షించరు కదా.

నాటకం మొదలైంది. మొదటి పెద్ద క్యూలో స్టేజి మొత్తం చీకటి కావాలి, ఆ చీకట్లో పైనుంచి ఒక పెద్ద గోడ దిగాలి, వెలుగు వచ్చేసరికి వీధి కాస్తా ఇల్లు అయిపోవాలి. దర్శకుడు ఆ గోడంటే పడి చస్తాడు.

“లైటు ఎనిమిది, రెడీ. గోడ, రెడీ,” అంది బ్యాంకు పిల్ల.

వదిన స్టేజి వైపు చూస్తూ పెద్ద కీ నొక్కింది.

“గో.”

అది బ్యాంకు పిల్ల కాదు. మా వదిన. కాస్త బొంగురుగా, చివర తెగ్గొట్టినట్టు అనే మా వదిన అసలు గొంతు. నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

తాళ్ళవాళ్ళు కొత్తవాళ్ళు, పాత గొంతు వాళ్ళకు తెలియదు. గో అనగానే తాడు వదిలారు. లైట్ల బాబాయి మాత్రం వదినతో పాటే ఆ నాటకశాలలో ముసలివాడైన మనిషి. ఆయన వేలు మీట మీదే ఉండిపోయింది. దీపాలన్నీ భగభగా వెలుగుతుండగా, పట్టపగల్లాంటి వెలుగులో, ఆకాశం నుంచి గోడ దిగింది. నటుడు నోరు తెరిచి దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

“ఆపండి! ఆపండి!” దర్శకుడు కుర్చీల్లోంచి ఒంటికాలి మీద లేచాడు.

హెడ్‌సెట్‌లో బాబాయి అడిగాడు. “తల్లీ, నువ్వేనా? మాటొచ్చిందా నీకు?”

వదిన ఆ కీ వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా టైపు చేసింది. “రాలేదు బాబాయ్,” అంది బ్యాంకు పిల్ల, అదే తీపి గొంతుతో. బాబాయి ముక్కు ఎగబీల్చుకోవడం లైను మీద అందరికీ వినిపించింది.

దర్శకుడు బల్ల దగ్గరికి వచ్చాడు. “మేడమ్, మీ మీద గౌరవం లేక కాదు. ఒక గొంతుతో రెడీ అని ఇంకో గొంతుతో గో అంటే వాళ్ళు ఎవరి మాట వినాలి? రేపు మధ్యాహ్నం ఇంకొక్కసారి నడుపుదాం. రేపూ ఇంతే అయితే మావాడు కూర్చుంటాడు. టిక్కెట్లు కొనుక్కుని జనం వచ్చాక నేనీ ప్రయోగాలు చెయ్యలేను,” అన్నాడు. అన్యాయంగా ఏమీ మాట్లాడలేదు, అదే నాకు మంట.

నేను ల్యాప్‌టాప్ లాక్కుని ఆదేశం ఇచ్చాను. అది మధ్యలో ఆగిపోయింది. నేను పెట్టని ఫైలు ఒకటి ఫలానా చోట అడ్డంగా ఉంది, దాన్ని తోసెయ్యను, సంగతేమిటో మీరే చూసుకోండి అని చెప్పింది. ఆ ఫలానా చోటు ‘గో’ ఉండాల్సిన చోటు. ఎవరో నా ఫైలుతో సంబంధం లేకుండా చేత్తో వేరే గో పెట్టారు. ఎవరో ఏమిటి నా మొహం, ఇంట్లో ఉన్నది ఒక్కడే మెకానిక్.

నాకు రెండు కోపాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి అన్నయ్య మీద. రెండోది నా మీద. ఫైలు చూసుకుని ధీమాగా కూర్చున్నాను. ఫైలు చెప్పేది నేను ఏం కోరానో. మెషిన్లో నిజంగా ఉన్నది, చివరి ఆదేశం తర్వాత దాని మీద ఎవరి చెయ్యి పడిందో అది. పొద్దున బయల్దేరే ముందు ఒక్కసారి ఆదేశం ఇచ్చి ఉంటే అప్పుడే చెప్పేది. ఇంత గొప్ప రాణికి ఆ మాత్రం తోచలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అన్నయ్య వంటింటి బల్ల దగ్గర, పరీక్ష ఫలితాలు వచ్చే రోజు పిల్లాడిలా మెరిసిపోతూ కూర్చుని ఉన్నాడు.

“ఎలా ఉంది? విన్నారా?”

“విన్నాం. నాటకశాలంతా విన్నది. నీ రెండు చేతులూ కట్టి అటక మీద పడెయ్యాలి అన్నయ్యా!”

“అదేంటే అలా అంటావ్? పొద్దున మీ వదిన స్నానానికి వెళ్ళినప్పుడు మార్చా. సౌండు గదిలో పాత రిహార్సళ్ళ రికార్డింగులున్నాయి. ఆ బిల్డింగు లిఫ్టు చూసేది నేనే కదా, అడిగి తెచ్చుకున్నా. అందులోంచి ఒక్క గో కోసి పెట్టా. ఒక్కటే! సర్‌ప్రైజ్ చేద్దామని.”

“సర్‌ప్రైజా? అదిరిపోయింది నీ సర్‌ప్రైజు. బాబాయి చెయ్యి బిగుసుకుపోయింది. గోడ అందరి ముందూ దిగింది. రేపు ఇంకోసారి తప్పితే వదిన ఇంట్లో కూర్చోవాలి. సంతోషమేనా?”

అన్నయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. వదిన వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. “నాకు తెలీదే,” అన్నాడు. “నేను ఇంకోలా అనుకున్నా. ఆ బ్యాంకు పిల్ల ఎవత్తో నాకు తెలీదు. పొద్దున లేస్తే అది మాట్లాడుద్ది, పడుకోబోయే ముందు అది మాట్లాడుద్ది. మా ఆవిడ మాట విని ఎంతకాలమైందో నీకేం తెలుసు? ఆ రికార్డింగు మొదటిసారి విన్నప్పుడు లిఫ్టు రూములో కూర్చుని ఏడ్చానే నేను.”

అని అక్కడే ఏడ్చాడు. పెద్ద మనిషి, రెంచీలు పట్టే చేతులతో మొహం కప్పుకుని. నా కోపం ఎటు పోయిందో పోయింది. అన్నయ్య ఏడిస్తే చూడలేను, చిన్నప్పటి నుంచీ అంతే.

వెంటనే నా బుర్ర పనిలోకి దిగింది. “ఏడవకు. చేసిన పని తప్పు కాదు, చేసిన పద్ధతి తప్పు. ఆ రికార్డింగులన్నీ తే. రెడీలు, నంబర్లు, ఆగండి, అన్నీ అందులోనే కోస్తాను. పద్ధతిగా ఫైల్లో రాస్తాను. అప్పుడన్నీ ఒకే గొంతు. దర్శకుడికీ పేచీ ఉండదు.”

“అవుతుందంటావా?” అన్నయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

“నేను చేస్తే అవ్వకపోవడమేంటి? సాయంత్రానికల్లా కూర్చోబెడతా చూడు.”

“సౌండు గదిలో ఇంకో డబ్బా నిండా ఉన్నాయే. కసురుకున్నవి కూడా ఉన్నాయి.”

“కసుర్లు కూడా పెడదాం, పనికొస్తాయి.”

ఇద్దరం ఊపులో ఉన్నాం. బల్ల మీద దబ్‌మని శబ్దం వచ్చింది. వదిన అరచేత్తో చరిచింది. తర్వాత టైపు చేసింది.

“నన్నడగరా?” అంది బ్యాంకు పిల్ల.

సిగ్గేసింది నాకు. ఎవరికి ఏం కావాలో అక్షరం పొల్లుపోకుండా రాసుకోవడం నా పద్ధతి అని ఊరంతా చాటింపు వేసుకునేదాన్ని, ఆ గొంతు ఎవరిదో ఆ మనిషిని ఒక్క మాట అడగలేదు. తీపి గొంతు పెట్టింది నేను. పాత గొంతు పెట్టింది అన్నయ్య. ఆవిడ పెట్టుకున్నది ఏదీ లేదు.

వదిన టైపు చేస్తూ ఉంటే మేము చూస్తూ కూర్చున్నాం. ఆవిడ ఎప్పుడూ పూర్తిగా రాసేసి అప్పుడే పలికిస్తుంది.

“ఏవండీ. ఆ గో నాదే. కానీ అది పాత నాటకంలో, ఆ రోజు స్టేజి మీద ఏదో చూసి అన్నది. ఏం చూసి అన్నానో నాకే గుర్తులేదు. రేపు గో అనాల్సింది రేపు స్టేజి చూస్తున్న నేను.”

అన్నయ్య తల వంచుకున్నాడు. ఆవిడ మళ్ళీ రాసింది.

“ఆ గొంతు వినగానే బాబాయికి పోయినదేదో గుర్తొచ్చింది. నా కోసం ఏడుస్తున్న మనిషి నా మాట మీద మీట నొక్కలేడు. మీరు కూడా అంతే. కుళాయి కారుతోందని నేనంటే మీరు కుళాయి సంగతి వినడం లేదు, పోయిన గొంతు కోసం వెతుక్కుంటున్నారు. కుళాయి ఇంకా కారుతూనే ఉంది.”

అన్నయ్యకు ఏడుపులోనే నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. వదిన నవ్వలేదు, ఆయన చెయ్యి పట్టుకుని ఇంకో వాక్యం ఒంటి చేత్తో కొట్టింది.

“ఆ రికార్డింగు మీ ఫోనులో ఉంచుకోండి. రోజూ వినండి. వద్దనను. నా బల్ల మీద మాత్రం వద్దు.”

అన్నయ్య సరేనన్నట్టు తలూపాడు. వదిన నా వైపు తిరిగింది. “అమ్మాయ్, ఫైలు తెరువు. ఈసారి నేను చెబుతా, నువ్వు రాయి.”

ముందు గొంతు. దొరికిన గొంతులన్నీ వరసగా వినిపించాను. ఒకటి వార్తలు చదివినట్టుంది. ఒకటి చాక్లెట్ కోసం మారాం చేస్తున్నట్టుంది. ఒకటి మా కాలేజీ ప్రిన్సిపాల్‌లా ఉంది, దాన్ని నేనే వద్దన్నాను. వదిన చివరికి ఒకదాని దగ్గర చెయ్యి ఎత్తింది. పొడిగా, వేగంగా, స్టేషన్లో ఫలానా రైలు ఆలస్యంగా నడుస్తోంది, మీ తిప్పలు మీరు పడండి అన్నట్టుండే గొంతు.

“ఇదా? మరీ కటువుగా లేదూ?” అన్నాడు అన్నయ్య.

వదిన ఆ గొంతుతోనే జవాబిచ్చింది. “నేను మెత్తగా ఎప్పుడు మాట్లాడాను?”

అన్నయ్య కాసేపు ఆలోచించి, “అదీ నిజమే,” అన్నాడు.

ఇంకా చాలా చెప్పింది ఆవిడ. అడిగితే గానీ తెలియలేదు నాకు. గో కీ మరీ తేలిగ్గా ఉందట, వేలు ఆనినా నొక్కుకుంటుందేమోనని భయమట, కాస్త గట్టిగా నొక్కితేనే పలకాలట. నా కీబోర్డుకు నొక్కే బలం తెలియదు కాబట్టి, ముందు ‘రెడీ’ పలికితేనే ‘గో’ పలికేలా రాశాను. దానికి ఆవిడ మొహం విప్పారింది. నారింజ రంగు కళ్ళకు గుచ్చుకుంటోందట, ఆకుపచ్చ కావాలంది. ‘ఆగండి’ మాత్రం ఏ రెడీలూ అక్కర్లేకుండా ఎప్పుడు నొక్కినా పలకాలంది. వంటింట్లో మాట్లాడే గొంతు కూడా ఇదే ఉండాలంది. అన్నీ రాశాను, ఒక్కో వాక్యం పైకి చదివి వినిపిస్తూ.

ఆ తర్వాత ఆ మెషిన్లో వదిన ఖాతా మొత్తం చెరిపేశాను. అన్నయ్య కుర్చీలోంచి లేచిపోయాడు. “ఏం చేశావే? మొత్తం పోయిందా?”

“పోయింది.”

తెర బోసిపోయింది. చీమల్లాంటి అక్షరాలు, ఎవరి ఇల్లో తెలియని వెలుగు. నిన్ను నమ్మి ఏ మూల ఇంకేం కెలికావో వెతుక్కుంటూ కూర్చోను అన్నయ్యా అని మనసులో అనుకుని, ఫైలు దాని చోట పెట్టి, ఆదేశం ఇచ్చాను. తెర మీద అక్షరాలు వరసలు వరసలుగా పాకాయి. అన్నయ్య టీ పెట్టి కప్పుల్లో పోసేలోగా తెర నల్లబడింది, అక్షరాలు పెద్దవయ్యాయి, ఆకుపచ్చగా మారాయి. వదిన ఒక కీ నొక్కింది. “లైటు ఎనిమిది, రెడీ,” అంది రైలు గొంతు. నాటకం క్యూలు, ఆవిడ రాతలు వేరే చోట భద్రంగా ఉన్నాయి, అవీ వచ్చి కూర్చున్నాయి.

“భలే,” అన్నాడు అన్నయ్య. మెకానిక్ నోట ఆ మాట రావడం నాకు చిన్న సంగతి కాదు. తర్వాత తెర వైపు ఇంకాస్త వంగాడు. “నేను పెట్టుకున్న పేకాట ఏది?”

“ఫైల్లో రాశామా?”

“లేదు.”

“అయితే లేదు.”

మర్నాడు వదిన బల్ల దగ్గర కూర్చోగానే ఆదేశం తనే ఇచ్చింది. అడ్డంగా ఏమీ లేదని మెషిన్ చెప్పింది. తర్వాత హెడ్‌సెట్ వైరు లైనులోంచి పీకి, తన చెవులకు మాత్రమే వినబడేలా పెట్టుకుని గో కూడా పరీక్షించింది. ఈ చిన్న ఉపాయం నిన్ననే ఎందుకు తట్టలేదో నాకు అర్థం కాదు. అన్నయ్య చివరి వరసలో కూర్చున్నాడు. చేతులు జేబుల్లోంచి తీస్తే ఊరుకోనని చెప్పాను.

వైరు మళ్ళీ తగిలించాక వదిన లైను మీద అందరికీ చెప్పింది. “ఇదే నా గొంతు. అలవాటు పడండి. బాబాయ్, ముఖ్యంగా మీరు.”

“మరీ మొరటుగా ఉంది తల్లీ,” అన్నాడు బాబాయి.

“పని చెప్పడానికి చాలు.”

నాటకం మొదలైంది. నేను గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాననుకుంటున్నారేమో, లేదు. ఈసారి రాసింది ఆవిడ చెప్పిందే, మెషిన్లో ఉన్నది ఆ రాసిందే. రెడీ, గో. రెడీ, గో. దీపాలు ఆవిడ వేలి కొసన వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి. బాబాయి మొదటి రెండు సార్లు కాస్త తడబడి, తర్వాత గొంతు సంగతే మర్చిపోయాడు. గోడ ఈసారి చిమ్మచీకట్లో దిగింది. వెలుగు వచ్చేసరికి ఇల్లు ఉంది. కుర్చీల్లోంచి దర్శకుడు చిన్నగా ఈల వేశాడు.

చివరి అంకంలో ఆ గోడ పైకి పోయి మళ్ళీ దిగాలి. దర్శకుడికి నాటకమంతా ఒక ఎత్తు, ఈ ఘట్టం ఒక ఎత్తు. చీకటి, చీకట్లో సంగీతం, సరిగ్గా సంగీతం ఆగే చోట గోడ నేలను తాకాలి. అప్పటిదాకా ఒక్క పొరపాటు లేదు. ఇది దాటితే బల్ల వదినదే.

“లైటు అరవై, రెడీ. గోడ, రెడీ. గో.”

చీకటి. సంగీతం. తాళ్ళు కదిలిన చప్పుడు. వదిన ముందు చీకట్లో కూడా చూపించే చిన్న కెమెరా తెర ఉంటుంది. నేను దాని వైపు చూడలేదు, దర్శకుడు కూర్చున్న వైపు చూస్తున్నాను.

“ఆగండి,” అంది రైలు గొంతు.

అరవలేదు, కంగారు పడలేదు. కుళాయి కారుతోందన్నంత మామూలుగా అంది. తాళ్ళు అక్కడికక్కడ ఆగాయి. సంగీతం తెగిపోయింది. ఎవరూ ఎందుకని అడగలేదు.

దర్శకుడు అడిగాడు. చీకట్లో కుర్చీలు దబదబ కొట్టుకున్నాయి. “ఎవరు ఆపింది? ఎవరు? సరిగ్గా ఇక్కడా! నాకు తెలుసు, ఇలా అవుతుందని నాకు తెలుసు!”

అయిపోయింది అనుకున్నాను. వదిన ఆయన వైపు తల కూడా తిప్పలేదు.

“పని లైట్లు, రెడీ. గో.”

బాబాయి నొక్కాడు. స్టేజి అంతా తెల్లగా వెలిగింది. గోడ మనిషి ఛాతీ ఎత్తున గాలిలో వేలాడుతోంది. దాని కింద మోకాళ్ళ మీద ముసలి తండ్రి వేషం వేసిన నటుడు ఉన్నాడు, చీకట్లో కళ్ళజోడు పడిపోతే వెతుక్కోవడానికి వెనక్కి వచ్చాడట. జోడు చేతిలో పట్టుకుని నెమ్మదిగా తలెత్తి పైకి చూశాడు. ఆయన నెత్తికీ ఆ గోడ అడుగు అంచుకీ మధ్య ఒక బిందె కూడా పట్టదు.

దర్శకుడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. ఆ చీకట్లో ఆయన కూర్చున్న చోటి నుంచి నటుడు కనబడడు. ఇంకెవరికీ కనబడడు, ఒక్క వదినకు తప్ప. చివరి వరసలో అన్నయ్య లేచి నిలబడ్డాడు, చేతులు జేబుల్లో లేవు, రెండూ నెత్తి మీద ఉన్నాయి.

తర్వాత దర్శకుడు తన బల్ల మీది హెడ్‌సెట్ తీసి పెట్టుకున్నాడు.

“మేడమ్,” అన్నాడు, “ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?”

నాకు ఏడుపు ఆగలేదు. చున్నీ నోట్లో కుక్కుకున్నాను, లైను మీద వినబడుతుందని. వదిన నాటకం ప్రతిలో ఒక పేజీ వెనక్కి తిప్పింది. టైపు చేసింది.

“సీను మొదటి నుంచి. ఆయన్ని పక్కకు రమ్మనండి. గోడ పైకి తియ్యండి. లైటు యాభై నాలుగు, రెడీ.”

“రెడీ,” అన్నాడు బాబాయి.

వదిన చూపు స్టేజి మీద ఉంది. నటుడు పూర్తిగా పక్కకు వచ్చి, జోడు పెట్టుకుని, తన చోట నిలబడేదాకా ఆగింది. అప్పుడు గో అంది.